ఒక్క ప్రాణమూ పోనివ్వని చేయి

నంద్యాల,
12 జూన్ 2024

గురుస్వామీ,

నీకు ఫోన్ చేస్తే నీ మనవరాలు మంజుల తీసింది. “తాతకు వినపడదు మేడం, రాళ్లు కోసే మిషను చెవులు తినేసింది. మీరు చెప్పండి, నేను తాతకు వినిపిస్తా” అంది. అన్నాక తన మాటకు తనకే నవ్వొచ్చింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పోయినేడు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక నా చేతికి వేరే పని కూడా లేదు. నువ్వూ చేత్తోనే జవాబు రాయి. పదో తరగతిలో నా సైన్సు రికార్డులో బొమ్మలన్నీ నువ్వు వేశావు, నీ లెక్కలన్నీ నేను చేశాను. మనిద్దరం గట్టెక్కింది అలాగే కదా.

ఇప్పుడు మళ్లీ నీ చేతి పని కావాలి. మా తాత డాక్టర్ నాగలింగారెడ్డి, ఎల్.ఎం.పి., నంద్యాలలో ఆసుపత్రి తెరిచి వచ్చే జనవరికి నూరేళ్లు. బస్టాండు దగ్గర మూడు రోడ్లు కలిసేచోట ఆయన శిలావిగ్రహం పెట్టాలని కమిటీ వేశారు. అధ్యక్షుడు డాక్టర్ ప్రేమ్ సాగర్. ఆ కూడలికి ఎదురుగానే ఆయన నర్సింగ్ హోం ఉంది. కార్యదర్శిని నేను. ఆళ్లగడ్డలో ఎంతమంది శిల్పులున్నా నీ దగ్గరే చేయించాలని పట్టుబట్టాను.

ఫొటో పంపుతున్నాను. ఫొటో తీసినవాడి మీద కోపం వచ్చినట్టు ఉంటాడు, ఆయన ముఖమే అంత. కుడి చేయి మాత్రం అభయహస్తం పెట్టాలి. ఆయన పేరంతా ఆ చేతిదే. పీఠం మీద చెక్కవలసిన వాక్యం ఇది:

‘తన చేతిలో ఒక్క ప్రాణమూ పోనివ్వని హస్తవాసి.’

ఇది నా కల్పన కాదు, ఊరంతా అనే మాటే. అక్షరాలు చెక్కడంలో నీ తర్వాతే ఎవరైనా అని విన్నాను. తప్పు లేకుండా చెక్కు.

పూర్ణిమ


ఆళ్లగడ్డ,
20 జూన్ 2024

పూర్ణిమమ్మకు గురుస్వామి రాసేది.

మంజుల నీ ఉత్తరాన్ని ఇంటికి కోర్టు నోటీసు వచ్చినట్టు పట్టుకొచ్చింది. చేతిరాత ఉన్న కవరు ఈ ఇంటికి వచ్చి ఎన్నేళ్లయిందో. మా నాయన తిమోతికి ఎనభై ఆరేళ్లు. ఉత్తరం ఎవరిదని అడిగాడు. నాగలింగారెడ్డి డాక్టరు మనవరాలిదని పలక మీద రాసి చూపించాను. నాకేమో వినపడదు, ఆయనకు వినపడుతుంది, అయినా నాకు పలక అలవాటైపోయింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు.

రాయి దొరికింది. నల్లరాయి, గీతలేదు, మంచి రాయి. ఆదివారం గుడికి పోయి బైబిలు చదువుకునేవాణ్ని, వారంలో మిగిలిన ఆరు రోజులూ వెంకటేశ్వరస్వామిని చెక్కుకుంటూ బతుకుతున్నాను. నేను దండం పెట్టని దేవుళ్లు నాకు అన్నం పెడుతున్నారు, వాళ్లకు లేని పట్టింపు నాకెందుకు? కాబట్టి డాక్టరును చెక్కడం నాకు తేలిక. కానీ అభయహస్తం వద్దు. దేవుడెవరో మాకు చేతిని బట్టే తెలుస్తుంది. ఆ చేయి అట్లా ఎత్తి పెట్టావంటే మూడోరోజుకు కొబ్బరికాయ కొడతారు, ఏడాదికి హుండీ పెడతారు. ఒక చేతిలో స్టెతస్కోపు పెట్టి, రెండోది కిందికి వదిలేద్దాం.

ఇంకొక సందేహం. ఒక్క ప్రాణమూ పోలేదంటున్నావు. ఆయన వైద్యం చేసింది నలభై ఏళ్ల పైమాటే కదా. ఆ కాలంలో యముడికి నంద్యాలకు బస్సు లేకుండెనా?

గురుస్వామి


నంద్యాల,
3 జూలై 2024

గురుస్వామీ,

చిన్నప్పటి నుంచీ నీ నోరు ఇంతే. చేయి విషయంలో నువ్వు చెప్పింది నిజమే. ప్రేమ్ సాగర్ గారికి నచ్చలేదు కానీ, హుండీ అనేసరికి సరేనన్నారు. తన నర్సింగ్ హోం ఎదుట ఇంకొక మొక్కుబడి స్థలం ఆయనకు ఇష్టం లేదనుకుంటాను.

యముడి సంగతికి వస్తే, నూరేళ్ల సంచికకు నేను రాసిన తాత జీవిత చరిత్ర ఇందులో పెట్టాను, చదువు. గోస్పాడు దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టి, మద్రాసు వెళ్లి చదివి వచ్చిన మొదటి మనిషి ఆయన. వస్తూనే నంద్యాలలో తన ఇంటి వసారాలోనే ఆసుపత్రి తెరిచాడు. జనం సీసాలు వాళ్లే తెచ్చుకునేవాళ్లు, ఎక్కువగా సారా సీసాలు. వాటిని కడిగి, మందు పోసి, పూటకెంత తాగాలో తెలిసేలా కాగితం ముక్కను మెట్లుమెట్లుగా కత్తిరించి సీసాకు అంటించి ఇచ్చేవాడు. ఆయన హస్తవాసి మీద జనానికి ఎంత గురి అంటే, మందు చీటీ రాసిస్తే దాన్ని మందుల షాపుకు తీసుకుపోకుండా మడిచి దారం కట్టి తాయెత్తులా దండకు కట్టుకునేవాళ్లు. ఆయన అది చూసి కట్టినవాణ్ని వసారా చుట్టూ తరిమేవాడట. అయినా వాళ్లకు జ్వరం తగ్గేది. తగ్గడంతో ఆయన కోపం ఇంకా పెరిగేది.

1938 నుంచి తాత విశ్రాంతికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాడు. 1969లో పోయాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నా మణికట్టు పట్టుకుని నాడి చూసేవాడు, ఆ వేళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి. వాటిని సరిగ్గా చెక్కు.

పూర్ణిమ


ఆళ్లగడ్డ,
29 జూలై 2024

పూర్ణిమమ్మకు,

ముఖం అయింది. కోపం బాగా కుదిరింది. మంజుల దాని ముందు నిలబడి చదువుకోవడానికి జంకుతోంది.

నీ జీవిత చరిత్ర మొత్తం చదివాను. పదమూడేళ్ల వైద్యానికి ఇరవై రెండు పేజీలు, మిగిలిన ముప్పై ఒక్క ఏళ్ల విశ్రాంతికి ఒక వాక్యం. నలభై ఏళ్లకే అంత విశ్రాంతి ఏం వచ్చింది మీ తాతకు? నేను సమాధి రాళ్లు కూడా చెక్కుతాను కాబట్టి నాకు తెలుసు, ఒక మనిషి బతుకులో ఏ ముక్క వదిలేస్తారో ఆ ముక్కలోనే ఇంటివాళ్లు కొట్టుకుని ఉంటారు.

ఒక్క ప్రాణమూ పోనివ్వని సంగతి మా పల్లెల్లో వేరే రకంగా చెబుతారు. మీ తాత మనిషిని చూసేవాడు, నాడి పట్టేవాడు. బతికేవాడైతే మందిచ్చేవాడు. చచ్చేవాడైతే, “కర్నూలుకు తీసుకపోండి” అనేవాడు. డెబ్బై కిలోమీటర్లు, ఎడ్లబండి, రెండు రోజుల దారి. చాలామంది దారిలోనే పోయేవాళ్లు. దారిలో పోయినవాడు డాక్టరు చేతిలో పోయినట్టు కాదు కదా. అట్లా హస్తవాసి నిలబడింది. మా దిక్కున ఇప్పటికీ ముసలి ఎద్దు మేత మానేస్తే, “దాని పని కర్నూలే” అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లకాయలకు తెలియదు.

ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. చేతికి మచ్చ వస్తే రేపు మందుకు లొంగే రోగి కూడా రాడని భయపడి ఉంటాడు. కానీ ఆ వాక్యం నా చేత్తో చెక్కలేను. వేరే మాట ఏదైనా పంపు, చెక్కుతాను.

గురుస్వామి


నంద్యాల,
9 ఆగస్టు 2024

శ్రీ గురుస్వామి గారికి,

మీ ఉత్తరం అందింది. విగ్రహ పీఠం మీద వాక్యాన్ని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆహ్వాన పత్రికల్లో కూడా అచ్చయింది. ఎడ్ల గురించి పల్లెల్లో చెప్పుకునే సామెతలను ఆధారంగా చేసుకుని ఒక వైద్యుని జీవితకాల సేవను శంకించడం తగదు. రోగం తన శక్తికి మించినప్పుడు పెద్దాసుపత్రికి పంపడం వైద్య ధర్మమని డాక్టర్ ప్రేమ్ సాగర్ గారు కూడా అన్నారు. తామూ రోజూ పంపుతుంటామని చెప్పారు.

అక్షరాలు చెక్కడం మీకు ఇష్టం లేకపోతే తెలియజేయండి. నంద్యాలలోనే కంప్యూటర్ మిషన్‌తో చెక్కేవాళ్లు ఉన్నారు. వాళ్లు ప్రశ్నలు అడగరు.

ఇట్లు,
పూర్ణిమ, కార్యదర్శి


ఆళ్లగడ్డ,
18 ఆగస్టు 2024

కార్యదర్శి గారికి,

గారు అన్నావు కాబట్టి నేనూ అన్నాను. ఈ ఒక్క ఉత్తరం పూర్తిగా చదువు, తర్వాత మిషన్ వాణ్ని పిలుచుకో.

మా జేజి పేరు సలోమి. ఆమె మొగుడు, మా అబ్బ జోసెఫ్, కూలికి పోయేవాడు. 1938 వానకాలంలో ఆమెకు నొప్పులొచ్చి మూడు రోజులైనా కాన్పు కాలేదు. పల్లెలో మంత్రసాని చేతులెత్తేస్తే, జోసెఫ్ ఎవరి బండో అడుక్కుని ఆమెను నంద్యాల తీసుకొచ్చాడు. మీ తాత వసారాలో పాతికమంది ఉన్నారట, అందరూ భూములున్న ఇళ్లవాళ్లు. ఊరి బయటి మా పేట మనుషులు వసారా ఎక్కేవాళ్లు కారు. ఆయనే కిందికి దిగి, బండి దగ్గరికి వచ్చి చూశాడు. చూసి, “కర్నూలుకు తీసుకపో” అన్నాడు.

ఆ మాటకు అర్థం జోసెఫ్‌కు తెలియదు, ఎడ్లను తిప్పబోయాడు. వసారాలో వాళ్లకు తెలుసు, తలలు దించుకున్నారు. సలోమికీ తెలుసు. బండిలోనే లేచి కూర్చుందట.

“నేను పోను దొరా. సస్తానని నాకు తెలుసు, నీకు తెలుసు. రెండు దినాలు ఈ బండిలో ఎగిరెగిరి పడతా సావలేను. ఈడనే పండుకుంటా. నీకు వచ్చింది నువ్వు చెయ్, రాకుంటే పక్కన కూసో” అంది.

మీ తాత చాలాసేపు వసారా వైపు చూశాడట. తర్వాత జోసెఫ్‌ను పిలిచి, చెరొకవైపు పట్టి ఆమెను వసారా మీదుగా లోపలికి మోసి, తన గదిలో మంచం మీద పడుకోబెట్టాడు. ఆ సాయంత్రం బిడ్డ పుట్టాడు, ఆ బిడ్డే మా నాయన తిమోతి. మరునాడు మధ్యాహ్నం లోపల ఆమె పోయింది. అంతసేపూ మీ తాత కుర్చీలో నుంచి లేవలేదు. పదమూడేళ్లలో ఆయన చేతిలో పోయిన మొదటి ప్రాణం ఆమెదే.

ఆ తర్వాత ఏడాదికోసారి బస్సెక్కి మా పల్లెకు వచ్చేవాడు. మా నాయన నాలుక చూసి, రొమ్ము మీద తట్టి, ఏ జబ్బూ లేకపోయినా ఏదో ఒక చేదు మందు పోసి పోయేవాడు. “ఆయప్పకు నేను యాడ సచ్చిపోతానోనని బుగులు. ఆ బుగులుకు నేను క్వినైన్ తాగితి” అంటాడు మా నాయన. మా ఇంట్లో కోపం లేదు అమ్మా. మా ఇంట్లో ఆయన పేరు ప్రార్థనలో చెబుతారు. నీ వాక్యం నిజమైతే మా జేజి ఆ గదిలో చనిపోలేదు. మా జేజి అక్కడ చనిపోలేదని మా జేజి మనవడు రాతి మీద చెక్కాలి. నా ఇబ్బంది అది.

గురుస్వామి


నంద్యాల,
2 అక్టోబర్ 2024

గురుస్వామీ,

నెలన్నర పట్టింది ఇది రాయడానికి. మొదలుపెట్టి చించేసినవి నాలుగున్నాయి. గారు అన్నందుకు సిగ్గుగా ఉంది.

నాకు తెలుసు. పేరు తెలియదు, సలోమి అని నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. మిగిలిందంతా తెలుసు. మా ఇంట్లో ‘ఆ ఏడాది జరిగిన పొరపాటు’ అనేవాళ్లు. మా జేజి సుగుణమ్మ ఆ మంచాన్ని పెరట్లో వేసి తగలబెట్టించింది. గదిని పసుపు నీళ్లతో నాలుగుసార్లు కడిగించింది. చాలా నెలలు తాతకు వసారాలోనే అన్నం పెట్టిందట, వాకిలి దాటి లోపలికి రానివ్వలేదు. వారం తిరిగేలోగా వసారా ఖాళీ అయింది. కొందరు చేతి వాసి పోయిందన్నారు, కొందరు గది మైలపడిందన్నారు. రెండూ ఒకే నోటితో అన్నవాళ్లూ ఉన్నారు. విశ్రాంతి అని నేను రాసింది దాన్నే.

ఆ తర్వాత ఆయన దగ్గరకు వచ్చినవాళ్లు ఎవరంటే, వేరే దిక్కులేనివాళ్లు. పేటల నుంచి, దూరపు పల్లెల నుంచి. ఇక ఎవరినీ కర్నూలు పొమ్మనలేదట. మా నాయన అది కూడా తప్పులాగే చెప్పేవాడు. “అడ్డమైన సావులన్నీ ఇంటికి తెచ్చుకున్యాడు” అనేవాడు. నేను చరిత్ర పాఠాలు ముప్పై ఏళ్లు చెప్పాను, రాజులు దాచిన సంగతులు పిల్లలకు విప్పి చెప్పాను. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంతో కప్పేశాను.

కమిటీలో చెప్పి చూశాను, సగమే చెప్పాను. వాక్యం కొంచెం మారుద్దామా అన్నాను. ప్రేమ్ సాగర్ గారు, “ఎందుకు మేడం, జనానికి అదే కావాల” అన్నారు. మిగిలినవాళ్లు టీ తాగుతున్నారు. పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, నేను పట్టుబట్టలేదు. కమిటీ ముందు మా ఇంటి మంచం సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

నువ్వే చెక్కు గురుస్వామీ. మిషన్ వాడితో చెక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ పాపం నాది అనుకో.

పూర్ణిమ


ఆళ్లగడ్డ,
11 నవంబర్ 2024

పూర్ణిమమ్మకు,

చెక్కాను. యాభై ఏళ్లు పెళ్లాన్ని కొట్టినవాడి సమాధి మీద ‘ప్రేమమూర్తి’ అని చెక్కిన చేయి ఇది, దీనికి అలవాటే. అక్షరాలు బాగా వచ్చాయి. పాపం నీదేనని మంజుల చేత కూడా సాక్షి సంతకం పెట్టించుకుందామనుకున్నాను, అది నవ్వి పారిపోయింది.

మా నాయన ఆ వాక్యం చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమి చూసి, ఆవిష్కరణకు తాను వస్తానన్నాడు. వద్దంటే వినే వయసు కాదు ఆయనది. చొక్కా అప్పుడే ఉతికించాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు. నేను రాను, మైకుల కింద కూర్చుని నోళ్లు చూడడం నాకు పరమ విసుగు.

గురుస్వామి


నంద్యాల,
21 జనవరి 2025

గురుస్వామీ,

నిన్న జరిగింది మీ నాయన నీకు చెప్పి ఉండడు. చెప్పినా పలక సరిపోదు. నేను రాస్తున్నాను.

మూడువందల మంది వచ్చారు. ప్రేమ్ సాగర్ గారు తెర తీసి, వాక్యం మూడుసార్లు చదివారు. ఆ హస్తవాసికి ఎదురుగానే తన నర్సింగ్ హోం ఉండడం పూర్వజన్మ సుకృతమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మీ నాయన కర్ర పట్టుకుని లేచాడు. పెద్దాయన ఆశీర్వదిస్తాడు కాబోలనుకుని ఎవరో మైకు ఇచ్చారు.

“ఈ అక్షరాలు చెక్కింది నా కొడుకే. అక్షరాలు బాగుండాయి, మాట అబద్దం. మాయమ్మ ఈ డాక్టరు చేతిలోనే సచ్చిపోయింది. ఆయమ్మ పేరు సలోమి. ఈయప్ప కుర్చీ యేసుకోని పక్కనే కూసున్యాడు” అన్నాడు.

అంతే అన్నాడు. మైకు ఇచ్చేసి నిలబడ్డాడు. ప్రేమ్ సాగర్ గారు మైకువాడికి చేయి ఊపారు, వాడు మైకు ఆపేశాడు. ఇక కార్యక్రమం ముగిసిందని అందరూ లేవబోతుంటే వెనక నుంచి ఒక ముసలామె గొంతు వినపడింది. గోస్పాడు రామమ్మ అట.

“మా నాయన గూడా ఈయన చేతిలోనే పోయినాడు. కడాన నీళ్లు ఈయనే పోసినాడు గొంతులో” అంది.

ఇంకొక మూల నుంచి రామయ్య అనే ఆయన లేచి, “మా అన్నకాడ తెల్లార్లూ కూసున్యాడు” అన్నాడు. పక్కనున్న ఆమె ఊరుకోలేదు. “తెల్లార్లేనా? మా అవ్వకాడ రెండు దినాలు కూసున్యాడు” అంది. ఆ తర్వాత ఎవరు ఎవరో నాకు తెలియలేదు. మా అమ్మ, మా చిన్నాయన, మా పెద్దక్క అని లేస్తూనే ఉన్నారు. ఎవరిదీ ఫిర్యాదు కాదు గురుస్వామీ. మావాళ్లు ఈయన చేతిలో పోయారని, దారిలో బండిలో పోలేదని చెప్పుకుంటున్నారు. ఎవరి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాడని ఇద్దరు ముసలివాళ్లు గొడవ కూడా పడ్డారు. ఒక్క ప్రాణమూ పోనివ్వని మనిషి ఎదుట నిమిషాల్లో పందొమ్మిది ప్రాణాలు తేలాయి. లెక్కలు నావే కదా, వేళ్ల మీద లెక్కపెట్టాను.

నేను లేచి మైకు దగ్గరకు పోయి, ఈ వాక్యం రాసింది నేనని, అబద్ధమని తెలిసే రాశానని చెప్పాను. మైకు ఆపేసి ఉందని చెప్పడం అయ్యాక తెలిసింది. మళ్లీ బడిలో ప్రార్థన గంటకు అరిచినట్టు అరిచి చెప్పాను. మంచం సంగతి కూడా చెప్పాను. మా బంధువులు కొందరు లేచి వెళ్లిపోయారు. మీ నాయన నా వైపు చూసి తల ఊపాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ వాక్యం అక్కడ ఉండకూడదు. వచ్చి తీసేయ్. దాని బదులు ఏం రాయాలో నాకు తోచడం లేదు. మీ నాయనను అడుగు.

పూర్ణిమ


ఆళ్లగడ్డ,
6 ఫిబ్రవరి 2025

పూర్ణిమమ్మకు,

చెక్కిన అక్షరం రబ్బరుతో పోదు. అక్షరం లోతున రాయి మొత్తం అరగదీయాలి. సోమవారం నువ్వు కర్నూలు పెళ్లికి పోయిన రోజున వచ్చి ఆ పని చేశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. మా నాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, దుమ్ము పడుతుంది పొమ్మన్నా పోలేదు.

రాయి నున్నగా అయ్యాక, ఏం చెక్కమంటావని పలక మీద రాసి అడిగాను. ఆయన పలక నా చేతిలో నుంచి తీసుకుని ఒక సంగతి రాశాడు. ఇది ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పలేదు. సలోమి పోయాక మీ తాత గదిలో నుంచి బయటికి వచ్చి, జోసెఫ్ ముందు నిలబడి, “నా చేత కాలేదప్పా” అన్నాడట. ఆయన రెడ్డి, డాక్టరు. మా అబ్బ పేట మనిషి. జోసెఫ్ ఆయన చేతులు పట్టుకుని, “ఈ మాట ఇంగెవురికీ చెప్పద్దు దొరా, నీ చేతికి మాటొస్తాది” అన్నాడట. కొడుకు దగ్గర కూడా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మీరు మీ తాత పరువు కోసం మా జేజిని దాచిపెట్టారు. మా వాళ్లు మీ తాత పరువు కోసం ఈ మాట దాచిపెట్టారు.

ఒట్టు తీరిపోయిందని మా నాయన అన్నాడు. అక్కడే కూర్చుని చెక్కాను. పైన పేరు, ఎల్.ఎం.పి., కింద మీ తాత అన్న ఆ మూడు మాటలు, అంతే. ‘అప్పా’ వదిలేశాను, అది జోసెఫ్‌ది.

ప్రేమ్ సాగర్ గారు రోడ్డు దాటి వచ్చి చదివి ఏదో చాలాసేపు మాట్లాడారు. నాకు వినపడలేదు. దేవుడు చెవులు ఎందుకు తీసుకున్నాడో ఆ రోజు అర్థమైంది.

గురుస్వామి


నంద్యాల,
17 ఫిబ్రవరి 2025

గురుస్వామీ,

ఊరి నుంచి రాగానే చూశాను. ‘నా చేత కాలేదు.’ ప్రేమ్ సాగర్ గారు కమిటీకి ఉత్తరం పెట్టారు: ఒక వైద్యుని విగ్రహం కింద, అదీ ఆసుపత్రి ఎదుట, ఇలాంటి మాట ఉండడం రోగుల మనోధైర్యానికి, వైద్య వృత్తి గౌరవానికి భంగకరమట. వెంటనే పలకరాయి అతికించి కప్పేయాలట. గురువారం మీటింగు పెట్టారు. ఏం మాట్లాడాలో తెలియక మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ పొద్దున పాలకు వెళ్తూ అటుగా పోయాను. పీఠం గట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. నడివయసు, పక్కన గుడ్డల సంచి, ఎక్స్‌రేల కవరు. నందికొట్కూరు బస్సు కోసం చూస్తోంది. నన్ను పిలిచి, “ఏమ్మా, నాకు చదువు రాదు, ఈడ ఏం రాసినారు?” అని అడిగింది. చదివి చెప్పాను. డాక్టరే అన్నాడా ఆ మాట అని అడిగింది. అవును, ఆయనే అన్నాడని చెప్పాను.

“నా మొగున్ని తొమ్మిది దినాలు తిప్పినారు తల్లీ. ఈడ నుంచి ఆడికి, ఆడ నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి ఇంగో కాడికి. అంబులెన్సులోనే పాణం పోయింది. ఈ మాట ఒక్కడన్నా చెప్పింటే ఇంటికి తీసకపోయిందును. మా పిల్లోల్లు చూసుకునిందురు” అంది.

బస్సు వచ్చింది. సంచి నేను అందించాను. గురువారం మీటింగులో ఆమె చెప్పింది చెబుతాను, ఆ రాయి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను.

పూర్ణిమ